బీరు తాగినా కారం మంట ఎందుకు తగ్గదు? ఇంటి కూరలకి ఏ బీరు సెట్ అవుతుంది.. అసలు లెక్క ఇదీ!

ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో నాటుకోడి కూర కుతకుతా ఉడుకుతోంది. ఇల్లంతా మసాలా ఘుమఘుమ. పొద్దుటి నుంచి ఫ్రిజ్‌లో ఓ బీరు సీసా చల్లబడుతోంది. కూర గిన్నె టేబుల్ మీదకి రాగానే సీసా మూత ఎగిరింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కారం నషాళానికి అంటింది. వెంటనే గటగటా రెండు గుక్కల బీరు. హమ్మయ్య అనుకునేలోపే మంట డబుల్! మళ్లీ గుక్క.. మళ్లీ మంట. చివరికి కూర రుచీ తెలియలేదు, బీరు రుచీ తెలియలేదు. సీసా మాత్రం ఖాళీ.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పాపం, వండినవాళ్లు రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడి చేసిన కూర అది. దాని రుచి తెలియకుండా పోవడానికి కారణం కారం ఎక్కువ కావడం ఒక్కటే అనుకుంటే పొరపాటే. ఆ కూర పక్కన ఏ బీరు పెట్టారు, ఎంత స్ట్రాంగ్ బీరు పెట్టారు అనేది కూడా అంతే ముఖ్యం.

ఏ తిండికి ఏ వైన్ సరిపోతుందో చెప్పే పుస్తకాలు బోలెడు ఉన్నాయి. బీరుని మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలోని బ్రూక్లిన్ బ్రూవరీ బ్రూమాస్టర్ గారెట్ ఆలివర్ 2003లో 'ది బ్రూమాస్టర్స్ టేబుల్' అనే పుస్తకం రాశాక, భోజనం బల్ల మీద బీరుకి కూడా ఓ లెక్క ఉందన్న సంగతి బాగా ప్రచారంలోకి వచ్చింది. అయితే అందులోని లెక్కల్ని తెచ్చి గోంగూర మటన్ మీద యథాతథంగా పెడితే పనిచేయవు. మన కూరలో కారం, పులుపు, నూనె, ఉప్పు నాలుగూ ఒకేసారి దాడి చేస్తాయి మరి.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. ఏపీలో అయినా, తెలంగాణలో అయినా 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. ఆరోగ్యానికి ఫలానా మోతాదు వరకు మద్యం సురక్షితం అని చెప్పడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కాబట్టి బీరు తాగని వాళ్లు దీన్ని చదివి కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం ఏమీ లేదు. ఎలాగూ తాగేవాళ్లకి, అది కూడా తిండితో కలిపి కొంచెం తాగేవాళ్లకి ఉపయోగపడే విషయాలివి.

మంట పెంచేది ఎవరు?

మిరపకాయలో కారానికి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నాలుక మీద, నోటి లోపల వేడిని పసిగట్టే ఓ సెన్సర్ ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్య నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి. నిజానికి ఈ సెన్సర్ పని నోరు కాలుతోందని మెదడుకి అలారం కొట్టడం. క్యాప్సైసిన్ వచ్చి దీన్ని పట్టుకోగానే, కాలకపోయినా కాలుతున్నట్టే అలారం మోగుతుంది. అదే కారం!

ఇప్పుడు బీరు సంగతి. మామూలుగా ఈ అలారం 42 డిగ్రీల వేడి దగ్గర మోగాలి. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే మోగడం మొదలవుతుందని 2002లో వచ్చిన ఓ పరిశోధన తేల్చింది. మన ఒంటి వేడే 37. అంటే ఆల్కహాల్ ఎక్కువున్న డ్రింక్ పోస్తే, మన నోటి వేడే మనకి మంటలా అనిపిస్తుంది. కాలిన గాయం మీద స్పిరిట్ వేస్తే చుర్రుమన్నట్టు అన్నమాట.

దీనికి తోడు బీరులోని బుడగలు. కార్బన్ డయాక్సైడ్ నోట్లో తడికి కార్బోనిక్ ఆసిడ్‌గా మారి చురుక్కుమనిపిస్తుంది. మామూలప్పుడు ఆ చురుకే మజా. కారంతో ఇప్పటికే మండుతున్న నాలుక మీద అయితే అదో అదనపు పోటు. పైగా హాప్స్ చేదు కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

మరి చల్లగా ఉంటుంది కదా, తగ్గాలి కదా అంటారా? తగ్గుతుంది. గుక్క నోట్లో ఉన్నంతసేపు! మింగేశాక మంట తిరిగి వచ్చేస్తుంది. ఎందుకంటే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. బీరులో 90 శాతానికి పైగా నీళ్లే. అందులో ఉన్న కాస్త ఆల్కహాల్ దాన్ని కరిగించి కడిగేసేంత కాదు. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ 2019లో ఇదే విషయం మీద ఓ ప్రయోగం చేసింది. కారంగా ఉన్న పానీయం తాగించి, ఆ వెంటనే పాలు, నీళ్లు, సోడా, కోలా, ఆల్కహాల్ లేని బీరు, తియ్యటి పళ్ల రుచి డ్రింక్ లాంటివి ఇచ్చి చూశారు. పాలు గెలిచాయి. తియ్యటి డ్రింక్ కూడా బాగానే పనిచేసింది. గ్యాస్ ఉన్నవేవీ పెద్దగా లాభం చూపించలేదు. అందులో బీరు కూడా ఉంది.

ఇక్కడి నుంచి ఇంటి భోజనానికి పనికొచ్చే చిట్కా ఒకటి దొరుకుతుంది. కారం కూర తిన్న వెంటనే బీరు గుక్క వేయకండి. మధ్యలో ఒక చెంచా పెరుగు పచ్చడి తినండి. పెరుగులోని కేసిన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. ఆ తర్వాత గుక్క వేస్తే బీరు రుచి బీరులా తెలుస్తుంది. బిర్యానీతో రైతా ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైందిగా!

'బీరే కదా' అనుకుంటున్నారా? ఈ లెక్క చూడండి

మన వైన్ షాపుల్లో నిలబడి ఓ పది నిమిషాలు చూస్తే చాలు. ఎక్కువమంది చేతుల్లో కనిపించేది స్ట్రాంగ్ బీరే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం వరకు ఉంటే రెగ్యులర్ బీరు, 5 దాటి 8 శాతం వరకు ఉంటే స్ట్రాంగ్. లేబుల్ మీద రాసే ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ.

650 ఎంఎల్ సీసా తీసుకుందాం. 5 శాతం బీరు అయితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ బరువు దాదాపు 26 గ్రాములు. అదే 8 శాతం స్ట్రాంగ్ అయితే దాదాపు 41 గ్రాములు. ఇప్పుడు విస్కీ వైపు చూడండి. మన దగ్గర విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 30 ఎంఎల్ స్మాల్ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా దగ్గర దగ్గర నాలుగు స్మాల్ పెగ్గులతో సమానం! 'నేను హార్డ్ ముట్టను, భోజనంతో ఓ బీరు మాత్రమే' అని ఇంట్లో చెప్పే చాలామందికి ఈ లెక్క తెలియదు. అలా చెప్తే నమ్మేసే ఇంట్లోవాళ్లకీ తెలియదు.

రుచి కోణంలో చూసినా స్ట్రాంగ్ బీరుది మన కూరల దగ్గర ఫెయిల్యూరే. ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి మంట ఎక్కువ. మసాలా వాసనల్ని తొక్కేస్తుంది. రెండో ముద్దకే నాలుక మొద్దుబారుతుంది. ఉల్లిపాయలు దోరగా వేగిన తీపి, ధనియాల వాసన, చివర్లో వేసిన కొత్తిమీర.. ఇవేవీ తెలియవు. కిక్కు కోసం తాగేవాళ్లకి ఈ బాధ లేదనుకోండి. కానీ తిండి కోసం బీరు పెట్టుకునేవాళ్లు మొదట మార్చాల్సింది ఇదే. 5 శాతం లోపు ఉన్నది తీసుకోండి. వీలైతే 650 సీసా బదులు 330 ఎంఎల్ పింట్ చాలు. ఆల్కహాల్ 13 గ్రాముల దగ్గర ఆగుతుంది. భోజనం మొత్తానికి ఆ మాత్రం సరిపోతుంది కూడా.

'తిని తాగితే ఎక్కదు' అనే మాట సగమే నిజం. కడుపులో అన్నం ఉంటే ఆల్కహాల్ చిన్నపేగులోకి మెల్లగా దిగుతుంది. అందుకే రక్తంలో ఒక్కసారిగా పెరగదు. అంతేగానీ తాగింది ఎక్కడికీ పోదు. మన లివర్ గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే వదిలించగలదు. స్ట్రాంగ్ సీసా పూర్తిగా దిగాలంటే 4 నుంచి 6 గంటలు పడుతుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఇవేవీ ఆ గడియారాన్ని ముందుకి తిప్పలేవు.

వేపుళ్లకి తిరుగులేని జోడీ

ఇక అసలు భోజనం దగ్గరికి వద్దాం. మన షాపుల్లో దొరికే బీరు దాదాపు అంతా లాగర్ రకమే. 1842లో ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్ ఊళ్లో పుట్టిన బంగారు రంగు పిల్స్‌నర్ బీరుకి ఇవన్నీ దూరపు చుట్టాలే. తేలిగ్గా, చల్లగా, బుడగలతో ఉంటుంది. పెద్దగా వాసన ఉండదు. ఇది మన దగ్గర దేనికి పనికొస్తుందయ్యా అంటే.. వేపుళ్లకి!

చేపల వేపుడు, రొయ్యల వేపుడు, కోడి వేపుడు, మిరపకాయ బజ్జీ, అప్పడాలు. వీటన్నిటిలో కామన్ పాయింట్ నూనె, ఉప్పు, కరకర. తినగా తినగా నాలుక మీద నూనె పొర కడుతుంది. నాలుగో ముక్కకి మొదటి ముక్క రుచి రాదు. లాగర్‌లోని బుడగలు, కాస్త చేదు కలిసి ఆ పొరని కడిగేస్తాయి. మళ్లీ మొదటి ముక్క తిన్నట్టే ఉంటుంది. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా బీరు పక్కన ఏదో ఒక వేపుడు కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఫిష్ అండ్ చిప్స్, కొరియాలో ఫ్రైడ్ చికెన్.

ఇది మన నేలకి కొత్తేం కాదు. తెలంగాణ పల్లెల్లో కల్లు దగ్గర ఏం పెట్టుకుంటారో గుర్తు చేసుకోండి. గుడాలు, వేయించిన చేప ముక్కలు, బోటి వేపుడు. ఉడకబెట్టిన శనగలకో అలసందలకో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు తగిలించిన గుడాలు చూడటానికి సింపుల్. కానీ నురగ, పులుపు ఉన్న కల్లు పక్కన పులుసు కూర పెట్టకుండా పొడిగా, ఉప్పుప్పగా ఉండేది పెట్టడం ఏ పుస్తకం చదివి నేర్చుకున్నారు చెప్పండి? తాతల నాటి నుంచి నాలుకే గురువు.

శాకాహారం ఇళ్లలో వాళ్లు నిరాశ పడక్కర్లేదు. వేరుశనగలు, నువ్వులు, శనగపప్పు పడిన సర్వపిండి ఉంది కదా, లాగర్ పక్కన దానికి సాటి వచ్చేది తక్కువ. పల్లీలు వేసిన బెండకాయ వేపుడు, కాకరకాయ వేపుడు కూడా బాగుంటాయి. కాకరకాయ చేదు, హాప్స్ చేదు కొట్టుకుంటాయేమో అనిపిస్తుంది గానీ, ఉల్లికారం, బెల్లం వేసి చేసే కాకరకాయ అయితే విచిత్రంగా కుదురుతుంది.

పులుసు కూరల దగ్గరే అసలు తంటా

చేపల పులుసు, గోంగూర మటన్, చింతచిగురు రొయ్యలు. పులుపుకి చేదు పడదు. చింతపండు పులుపు తిన్న నోటితో చేదున్న బీరు తాగితే చేదు మొరటుగా, ఇనుము నాకినట్టు అనిపిస్తుంది. ఐపీఏ లాంటి బాగా చేదుండే బీరు అయితే చేపల పులుసుని సర్వనాశనం చేస్తుంది. 'ఇండియా పేల్ ఏల్' అని పేరులో ఇండియా ఉంది కదా అని మోసపోవద్దు. బ్రిటిష్ జమానాలో ఓడల్లో ఇక్కడున్న తెల్లవాళ్ల కోసం వచ్చిన బీరు అది. మన కూరల కోసం పుట్టింది కాదు.

ఇక్కడ పనికొచ్చేది వీట్ బీరు, అంటే గోధుమ బీరు. చేదు చాలా తక్కువ. కాస్త మబ్బుగా, మెత్తగా ఉంటుంది. ఇందులో బెల్జియం రకం, విట్‌బియర్ అంటారు, దాన్ని తయారుచేసేటప్పుడు ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అవును, మన ధనియాలే! చేపల పులుసులో ధనియాల పొడి ఎలాగూ ఉంటుంది. రెండిటికీ చుట్టరికం అక్కడే కలిసిపోతుంది.

జర్మనీ రకం గోధుమ బీరు, హెఫెవైజెన్, ఇంకా చిత్రంగా ఉంటుంది. తాగితే అరటిపండు, లవంగం వాసన వస్తుంది. నిజానికి అందులో ఆ రెండూ వేయరు. ఆ వాసనలు ఈస్ట్ పులిసేటప్పుడు తనంతట తానే పుట్టించేవి. పండిన అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థమే ఇందులోనూ ఉంటుంది. లవంగం వాసన ఉన్న బీరుకి ఇంట్లో చేసిన దమ్ బిర్యానీ కంటే మంచి తోడు ఏముంటుంది? హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో ఈ రకం దొరుకుతుంది. మామూలు షాపులో గోధుమ బీరు సీసాల్లో, క్యాన్లలో దొరికినప్పుడు ధర కొంచెం ఎక్కువే. రెండు లాగర్ల బదులు ఒక్క వీట్ బీరు అనుకుంటే జేబుకీ, ఒంటికీ ఒకే లెక్క.

వీట్ బీరు దొరకలేదా? పులుసు కూర రోజున బీరు మానేయండి, గొడవ వదిలిపోతుంది.

మటన్, గుత్తి వంకాయ.. నల్ల బీరు కథ

మటన్ ఇగురు, నాటుకోడి కూరల్లో రుచంతా వేగిన ఉల్లిపాయలది, మాడీ మాడని మాంసం అంచులది. వేడికి ప్రొటీన్లు, చక్కెరలు కలిసి గోధుమ రంగుకి తిరిగినప్పుడు పుట్టే రుచి అది. బార్లీ గింజల్ని మొలకెత్తించి, వేయించి మాల్ట్ చేసేటప్పుడు జరిగేదీ అదే. ఎంత వేయిస్తే అంత ముదురు రంగు బీరు. అందుకే ముదురు రంగు లాగర్, ఆంబర్ రకాలు మాంసం కూరలతో బాగా కలిసిపోతాయి. పైగా వీటిలో మాల్ట్ తీపి కాస్త ఉంటుంది. తీపి కారాన్ని తగ్గిస్తుందని పైన చెప్పుకున్నాం కదా.

స్టౌట్ అనే నల్ల బీరు ఇంకో మెట్టు పైన. కాఫీ గింజల్లా బాగా వేయించిన బార్లీతో చేస్తారు. ఐర్లండ్‌లో ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లిన్‌లో మొదలుపెట్టిన బ్రూవరీ దీనికి పెట్టింది పేరు. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరిన బగారా బైగన్, గుత్తి వంకాయ పక్కన స్టౌట్ పెట్టి చూడండి. వేయించిన వాసనకి వేయించిన వాసన తోడు. మన దగ్గర స్టౌట్ దొరకడమే కష్టం అనుకోండి. దొరికినప్పుడు మాత్రం చికెన్ కబాబ్‌కి తగలేయకండి, వంకాయకి పెట్టండి.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి? ఇది కాస్త వివాదాస్పద టాపిక్. ఆవకాయతో బీరు అంటే పెద్దవాళ్లు చీపురు తిరగేస్తారు. రుచి సంగతి మాత్రమే చూస్తే, జర్మన్లు సాసేజ్‌ని ఆవాల పేస్టులో ముంచుకుని బీరు తాగుతారు కాబట్టి ఆవఘాటుకి బీరు శత్రువేం కాదు. కానీ ఆవకాయలో ఉప్పు, కారం, పులుపు మోతాదు అంతా ఇంతా కాదు. ఉప్పు దాహం పెంచుతుంది, దాహంతో ఇంకో గ్లాసు పోస్తారు. పప్పు, బీరు రెండూ గ్యాస్ చేసేవే. రాత్రంతా కడుపు ఉబ్బరంతో దొర్లాల్సి వస్తుంది. దీని జోలికి వెళ్లకపోవడమే నయం.

ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతున్నారా?

'ఎంత చల్లగా ఉంటే అంత మంచి బీరు' అనుకుంటారు. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే నాలుకకి రుచి తెలియదు. లాగర్ 4 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఫ్రిజ్‌లో మామూలు అరలో మూడు నాలుగు గంటలు పెడితే ఆ చల్లదనం వచ్చేస్తుంది. ఫ్రీజర్‌లో పడేసి మర్చిపోతే లోపలి నీళ్లు గడ్డకట్టి, సాగి, సీసా పగిలిపోతుంది. గాజు పెంకులు ఏరుకోవడం, ఐస్‌క్రీమ్ డబ్బా పారేయడం బోనస్. అర్జెంటుగా చల్లబడాలంటే ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసిన బకెట్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి.

సీసాతోనే తాగేయడం అలవాటా? అక్కడే సగం రుచి పోతుంది. రుచిలో పెద్ద భాగం ముక్కు చూసుకుంటుంది. సీసా మూతిలోంచి వాసన ముక్కుకి చేరదు. గ్లాసు వంచి మెల్లగా పోసి, చివర్లో నిలబెట్టి రెండు వేళ్ల మందం నురగ రానివ్వండి. అలా పోస్తే గ్యాస్ కొంత గ్లాసులోనే పోతుంది. లేకపోతే ఆ గ్యాస్ అంతా కడుపులోకే వెళ్తుంది. కారం తింటున్నప్పుడు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. గ్లాసుకి జిడ్డు ఉంటే మాత్రం నురగ నిలబడదు.

బజ్జీ పిండిలో బీరు.. పిల్లలకి పెట్టొచ్చా?

యూట్యూబ్ వంటల పుణ్యమా అని ఈ మధ్య చేపల వేపుడు పిండిలో, బజ్జీ పిండిలో బీరు కలపడం ఎక్కువైంది. నిజంగానే పనిచేస్తుంది. నూనెలో పడగానే గ్యాస్ పొంగి పిండి గుల్లగా వస్తుంది. ఆల్కహాల్ నీళ్ల కంటే త్వరగా ఆవిరవుతుంది కాబట్టి కరకర కూడా బాగుంటుంది.

అయితే 'ఉడికితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది' అనేది పెద్ద అపోహ. అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చిన పట్టిక ప్రకారం కూరలో కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే ఇంకా 40 శాతం మిగులుతుంది. అరగంటకి 35 శాతం. గంటకి 25 శాతం. రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం దాకా ఉంటుంది. బజ్జీ నూనెలో ఉండేది ఎన్ని నిమిషాలు? కాబట్టి పిల్లలు, గర్భిణులు, మద్యం మానేసే ప్రయత్నంలో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే బీరు బదులు చల్లటి సోడా పోయండి. గుల్లదనం దాదాపు అంతే వస్తుంది. చెప్పకుండా వడ్డించడం మాత్రం అసలు చేయకూడని పని.

వీళ్లు మాత్రం జాగ్రత్త

గౌట్ ఉన్నవాళ్లు, యూరిక్ ఆసిడ్ ఎక్కువున్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. బీరులో ప్యూరిన్లు ఉంటాయి. అవి ఒంట్లో యూరిక్ ఆసిడ్‌గా మారతాయి. పైగా ఆల్కహాల్ ఆ యూరిక్ ఆసిడ్‌ని కిడ్నీలు బయటికి పంపకుండా అడ్డుపడుతుంది. ఇప్పుడు బీరు పక్కన మనం ఇష్టంగా పెట్టుకునేవి చూడండి. మటన్ లివర్ ఫ్రై, బోటి, నెత్తళ్ల వేపుడు. ఇవి కూడా ప్యూరిన్లు దండిగా ఉన్నవే! రెండూ కలిస్తే తెల్లవారుజామున కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టు నొప్పి పుట్టే ప్రమాదం ఉంటుంది. రుచికి సూపర్ జోడీ అనిపించేదే కొందరి ఒంటికి పరమ చెత్త జోడీ.

షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గించి బీరు తాగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. మత్తేమో అని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టేస్తారు, అసలు ప్రమాదం అక్కడే. మెట్రోనిడజోల్ కోర్సు నడుస్తుంటే బీరు వాసన కూడా చూడొద్దు. వాంతులు, గుండెదడ వచ్చే అవకాశం ఉంటుందని డాక్టర్లు హెచ్చరిస్తారు. తలనొప్పిగా ఉందని తాగిన రాత్రి పారాసిటమాల్ మీద పారాసిటమాల్ వేసుకోవడమూ లివర్‌కి మంచిది కాదు.

భోజనం అయ్యాక 'ఐస్‌క్రీమ్ తెస్తా' అని బండి తాళం తీస్తారు చూడండి, అది ఇంకో సమస్య. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారి దొరికితే 10 వేల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. 60 కిలోల బరువున్న మగ మనిషి ఒక్క మామూలు 650 సీసా ఖాళీ కడుపుతో తాగితే, లెక్క ప్రకారం 60 మిల్లీగ్రాముల దాకా వెళ్లొచ్చు. స్ట్రాంగ్ అయితే సరేసరి. కడుపునిండా తిన్నాక తాగితే కొంత తగ్గుతుందేమో గానీ 30 లోపే ఉంటుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఐస్‌క్రీమ్ ముందే తెచ్చి పెట్టుకోండి. లేదంటే తాగనివాళ్లని పంపండి.

తాగనివాళ్లు అంటే గుర్తొచ్చింది. ఒకే టేబుల్ మీద నలుగురు తింటుంటే నలుగురూ బీరు తాగరు కదా. వాళ్ల గ్లాసులో ఏముండాలి? పైన చెప్పిన లెక్కే వాళ్లకీ వర్తిస్తుంది. వేపుళ్లకి ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా. బుడగలు చేసే పని అవే చేస్తాయి. కారం కూరకి మజ్జిగ, కొత్తిమీర, అల్లం ముక్క వేసి. బిర్యానీకి పుదీనా లస్సీ. నిజం చెప్పాలంటే కారం విషయంలో మజ్జిగ గ్లాసు ముందు ఎంత ఖరీదైన బీరైనా ఓడిపోతుంది.

ఇక చివరగా పెరుగన్నం. దీనికి కుదిరే బీరు వెతకడం దండగ. పెరుగు పులుపు, కమ్మదనం మీద హాప్స్ చేదు పడితే రెండూ పాడవుతాయి. కాబట్టి పెరుగు గిన్నె రాగానే గ్లాసు పక్కకి జరిపేయండి. మిగిలిన బీరు రేపటికి దాచినా గ్యాస్ పోయి చప్పగా అయిపోతుంది, దాన్ని సింకులో పోసేయడమే మేలు. ఊరమిరపకాయలు మాత్రం వేయించి తెచ్చుకోండి.